మిత్రులు లేని మైత్రీ సంఘం

ఆల్టెన్‌వెర్డె,
9 ఫిబ్రవరి 1973

రోస్‌విటా,

ఈ ఉదయం లైబ్రరీ కిటికీ అద్దం మీద మంచు ఒక మూలన మాత్రమే కరిగింది. ఆ కాస్త సందులోంచి చర్చి గడియారం సగమే కనిపించింది, పన్నెండు నుంచి ఆరు దాకా. ముళ్లు రెండూ మిగతా సగంలో ఉన్నాయి. వేళ తెలియక తలుపులు ముందే తీసేశాను. ఎవరూ రాలేదు. అందుకని నీకు రాయడానికి కూచున్నాను.

పెళ్లి చేసుకుని నువ్వు నార్వే వెళ్లి నాలుగేళ్లయింది. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మా జర్మన్-నార్వే మైత్రీ సంఘం నీకు తెలిసిందే. నెలనెలా రెండో గురువారం తెల్లగుర్రం సత్రం వెనక గదిలో కలుస్తాం. ఇరవై ముగ్గురం. నార్వే కొండల స్లైడులు చూస్తాం, కేకు తింటాం. అధ్యక్షుడు క్లైన్‌జోర్గె గారు రిటైరైన స్టేషన్ మాస్టరు. ఏడున్నర దాటి ఒక్క నిమిషానికి వచ్చినా "ఆలస్యంగా వచ్చినవారు" అని నాచేత రాయిస్తారు. నేను కార్యదర్శిని. రాస్తాను. మాట్లాడను.

నిన్న, బేకరీ నడిపే నీహూస్ గారు కేకు కోస్తూ కోస్తూ ఆగింది.

"పన్నెండేళ్ల నుంచి నార్వేతో స్నేహం చేస్తున్నాం కదా, అధ్యక్షులవారూ. మనకి తెలిసిన నార్వే మనిషి పేరు ఒక్కటి చెప్పండి, వింటాను."

అందరూ ఆలోచించారు.

"రాజుగారు," అన్నారెవరో.

"ఆయనకి మనం తెలుసా?"

స్లైడు యంత్రం మాత్రం గుర్రుమంటోంది. ఆ గుర్రులోనే చర్చ మొదలై తీర్మానం దాకా పోయింది. అక్టోబరు మహాసభ నాటికి నార్వేలో మమ్మల్ని మిత్రులని ఒప్పుకునే ఊరు ఒకటైనా దొరకాలి, అదీ రాతపూర్వకంగా. దొరక్కపోతే సంఘం మూసేసి నడక క్లబ్బులో కలిపెయ్యాలా అన్నదాని మీద ఓటు పెడతారు.

నడక క్లబ్బువాళ్లు పాటలు పాడుతూ నడుస్తారు, రోస్‌విటా. గట్టిగా పాడతారు.

నీకు నవ్వొస్తుందని తెలుసు. కానీ నెలలో మిగతా రోజులన్నీ నేను "నిశ్శబ్దం" అని రాసిన బోర్డు కింద కూచుంటాను. ఆ ఒక్క సాయంత్రమే నన్ను పేరుపెట్టి పిలుస్తారు. ఆ గురువారాల కోసమే నార్వే భాష పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఇంతవరకు ఒక్క మనిషితోనూ ఒక్క వాక్యం మాట్లాడలేదు. అది పోతే నాకేం మిగులుతుందో ఆలోచించడం ఇష్టం లేదు.

మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?

నీ
హెడ్విగ్


సాన్‌వోగ్,
21 ఫిబ్రవరి

ఒసేయ్ హెడీ,

నాలుగేళ్లలో నాలుగు క్రిస్మస్ కార్డులు, ఇప్పుడు ఒక ఉత్తరం. బతికే ఉన్నావన్నమాట!

నీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. బోర్గిల్ అత్తయ్య అల్లుతున్న మేజోడు ఒళ్లో పెట్టుకుని మరీ విన్నది.

"స్నేహానికి సంఘమేమిటే? దానికి నియమావళి కూడా ఉందా?"

"ముప్పై నాలుగు నిబంధనలట, అత్తయ్యా."

"మరి దెబ్బలాడుకోవడానికి ఎన్ని?"

ఇక అసలు సంగతి. ఈ ఊళ్లో ఏం కావాలన్నా తారాల్ గారు ఊఁ అనాలి. రేవు దగ్గర ఊరుమ్మడి పడవల షెడ్డు ఉంది. దాని తాళం ఆయన దగ్గర, ఊరి తాళం కూడా ఆయన దగ్గరే అనుకో. యుద్ధంలో మన జర్మన్ సైన్యం ఐదేళ్లు ఇక్కడ మకాం వేసింది. అది ఆయన మర్చిపోలేదు. నేను కాపురానికి వచ్చాక ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. ఒకరోజు నేను పడవకి తాడు కడుతుంటే వెనక నిలబడి "అది ముడి కాదు" అన్నాడు. ఆనాటి నుంచి మాట్లాడుకుంటున్నాం.

మీ గురించి చెప్పాను. చాలాసేపు పైపు వెలిగించుకున్నాడు.

"వస్తే రమ్మను. ఉత్తరపు గోడకి మనుషులు లేరు."

అర్థం చేసుకో. ఏటా జూన్‌లో ఒక శనివారం ఊరంతా కలిసి ఊరి పని చేస్తుంది. దుగ్నాద్ అంటారు. కూలి ఉండదు, బొట్టుపెట్టి పిలవడాలు ఉండవు. రానివాణ్ణి ఎవరూ ఏమీ అనరు, ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుంటారంతే. ఈసారి షెడ్డుకి పాత రంగు గీకి కొత్త రంగు వెయ్యాలి. ఇక్కడ ఎవర్నీ ఎవరికీ పరిచయం చెయ్యరు, హెడీ. చేతికి బ్రష్ ఇస్తారు. నిన్ను పిలిచారంటే మర్యాద చేసినట్టే.

తారాల్ గారు "మళ్లీ రండి" అని ఒక్క ముక్క కాగితం మీద రాసిస్తే మీ తీర్మానం గట్టెక్కినట్టే. కాకపోతే ఆయన కాగితం మీద రాయగా చూసినవాళ్లు ఈ ఊళ్లో లేరు.

జూన్ 9, శనివారం. పాత బట్టలు తెచ్చుకోండి. ఇంకోటి. జూన్ మధ్యకి నాకు నెలలు నిండుతాయి. ఇప్పటికే మా ఆయన ఈవర్ నన్ను రేవులో లంగరు వేసిన ఓడ అంటున్నాడు.

నీ
రోస్‌విటా


ఆల్టెన్‌వెర్డె,
9 మార్చి

రోస్‌విటా,

ముందుగా సంతోషం. ఎంత సంతోషమో రాయబోతే వాక్యం కుదరలేదు. నీకు అర్థమవుతుంది.

నిన్న నీ ఉత్తరం సభలో చదివాను. చదవడం నాకు కష్టం కాదు, మాటలు నీవి కదా. పంతొమ్మిదిమంది ప్రయాణానికి పేర్లిచ్చారు. ఆ తర్వాత క్లైన్‌జోర్గె గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఈ గోడ గీకడం సంగతి మనం అక్షరాలా తీసుకోనక్కర్లేదు. ఇంటికి పిలిచిన అతిథుల చేత ఏ దేశంలోనైనా రంగు వేయిస్తారా? ఇది వాళ్ల వినయం. 'మా ఇల్లు చిన్నది, సర్దుకోండి' అని మనం అంటామే, అలాంటిది."

"నిజంగానే చేయిస్తారండీ," అన్నాను.

"కార్యదర్శి అభిప్రాయం మినిట్స్‌లో రాసుకోవచ్చు."

రాసుకున్నాను.

నిర్ణయాలు ఇవి: మగవాళ్లకి నల్ల సూటు, టోపీ. ఆడవాళ్లకి తగిన దుస్తులు. కానుకగా మా పట్టణ చిహ్నం, ఇత్తడిది, తొమ్మిది కిలోలు. అధ్యక్షుల ప్రసంగం, పదకొండు పేజీలు. నార్వే భాషలోకి నేను మార్చాలి.

ప్రసంగం మార్చడం మొదలుపెట్టాను. మొదటి ఆరు పేజీలు పాతకాలపు వర్తకుల గురించి, ఉప్పు చేపల గురించి. కలప మీద రెండు పేజీలు. యుద్ధం గురించి ఒకే ఒక్క మాట ఉంది: "కష్టకాలం". నేనూ ఒక్క మాటే రాశాను.

గదిలోంచి బయటికొస్తుంటే నీహూస్ గారు నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పింది నిజమేనా, పిల్లా?"

"నిజమేనండీ."

"మరి గట్టిగా చెప్పవేం?"

ఆమెకి ఏం చెప్పను? బళ్లో మన సిస్టర్ కాన్‌స్టాంటియా కూడా ఇదే అడిగేది. అప్పుడు నువ్వు లేచి నా బదులు జవాబు చెప్పేదానివి.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

హెడ్విగ్


క్రిస్టియాన్‌సాన్, ఆసుపత్రి,
2 జూన్

హెడీ,

చేతిరాత చూసి భయపడకు, పడుకుని రాస్తున్నాను. రక్తపోటు పెరిగిందని నన్ను ఇక్కడ మంచానికి కట్టేశారు. కాన్పు అయ్యేదాకా కదలకూడదట. మొగుళ్లకి తప్ప ఎవరికీ లోపలికి అనుమతి లేదు. నువ్వు ఇంతదూరం సముద్రం దాటి మా ఊరు వస్తావు, నేను మా ఊళ్లో ఉండను. ఏడుపొచ్చింది. తర్వాత ఆసుపత్రి చేపల పులుసు వచ్చింది, ఇంకా ఏడుపొచ్చింది.

ఈవర్ చెప్పాడు. తారాల్ గారు ఇక్కడి కొట్లోకి వచ్చి రంగు గీకే బ్లేళ్లు పంతొమ్మిది కొన్నాడట. కొట్టువాడు ఎవరికని అడిగితే "జర్మన్లకి" అన్నాడట. కొట్టువాడు రెండోసారి అడగలేదట.

మీవాళ్లకి పాత బట్టల సంగతి చెప్పావా? మినిట్స్‌లో రాశానని చెప్పకు. గట్టిగా చెప్పావా?

ఈసారి నీ బదులు లేచి జవాబు చెప్పడానికి నేను పక్కన ఉండను. ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా రాయి.

రో.


సాన్‌వోగ్,
10 జూన్, పెంతెకోస్తు ఆదివారం

రోస్‌విటా,

నీ మంచం పక్క కిటికీ దగ్గర కూచుని రాస్తున్నాను. గోళ్లలో తెల్లరంగు ఉంది, పోవడం లేదు. బస్సు పన్నెండింటికి. ఈ ఉత్తరం ఈవర్ తెచ్చి ఇస్తాడు.

నిన్న సరిగ్గా తొమ్మిదింటికి రేవులో దిగాం. పంతొమ్మిదిమంది, నల్ల సూట్లు, టోపీలు, ముత్యాల దండలు. ఎదురుగా ఓ పాతికమంది, మోకాళ్ల దగ్గర చిరిగిన పాంట్లు, రంగు మరకల చొక్కాలు. మధ్యలో నిచ్చెనలు. ఎవరూ ఎవరికీ పరిచయం చెయ్యలేదు. సముద్రపు కాకులు మాత్రం మాట్లాడాయి.

"ఎవరి చావుకి వచ్చారు వీళ్లు?" అని మీ అత్తగారు పక్కావిడని అడిగింది. అర్థమైంది నాకొక్కదానికే.

క్లైన్‌జోర్గె గారు జేబులోంచి పదకొండు పేజీలు తీశారు. తారాల్ గారు ముందుకొచ్చాడు. కాగితాల దళసరి చూశాడు.

"ఎంతసేపు, అమ్మాయ్?"

"పదకొండు పేజీలండీ."

"మూడింటికి వాన."

నార్వే భాషలో నేను పలికిన మొదటి మాటలు ఆ 'పదకొండు పేజీలండీ'. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. అలవాటుగా పక్కకి చూశాను. నువ్వు లేవు. తొమ్మిది కిలోల ఇత్తడి చిహ్నం ఉంది.

"ఇది సాయంత్రం చదువుకోవచ్చండీ. ముందు పని చూపించండి," అన్నాను తారాల్ గారితో.

తర్వాత మా అధ్యక్షులవైపు తిరిగాను. "ఇంత ముఖ్యమైన ప్రసంగం నిలబడి వినడం వీళ్ల మర్యాద కాదటండీ. రాత్రి భోజనం దగ్గర కూచుని వింటారట."

అబద్ధం, రోస్‌విటా. పచ్చి అబద్ధం. మీ ఊళ్లో ఒప్పుకోలు వినడానికి కతోలిక గురువు లేరు కనక ఆ పాపం బస్సెక్కి నాతోనే ఇంటికి వస్తుంది.

అయినా మావాళ్లు కదల్లేదు. సూట్లు చూసుకుంటున్నారు. అప్పుడు నీహూస్ గారు తన పెద్ద సంచీ తెరిచింది. కేకులు ఉన్నాయనుకున్నాం దాన్లో. బేకరీ ఏప్రన్లు! సరిగ్గా పంతొమ్మిది.

"పిల్ల గట్టిగా చెప్పకపోతే నిజం కాకుండా పోతుందా?" అంటూ మొదటిది అధ్యక్షులవారి మెడకే తగిలించింది. ఛాతీ మీద వేడివేడి రొట్టె బొమ్మ.

మీ అత్తగారు నవ్వడం మొదలుపెట్టి నిచ్చెన పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఇక ఎవరి నవ్వు ఏ భాషలో ఉందో చెప్పలేను.

ఉత్తరపు గోడ మాది. క్లైన్‌జోర్గె గారు గోడని రైళ్ల పట్టీలాగా భాగాలు చేసి మనిషికో చోటు, చోటుకో వేళ నిర్ణయించారు. తారాల్ గారు చేతులు కట్టుకుని చూశాడు. ఆయనకి నచ్చిందనుకుంటాను, ఎందుకంటే ఏమీ అనలేదు.

పదకొండింటికి అనుకుంటాను. తెల్లరంగు పొరలు పెచ్చులుగా రాలుతున్నాయి. క్లైన్‌జోర్గె గారి బ్లేడు కింద వేరే రంగు బయటపడింది. బూడిద కలిసిన ఆకుపచ్చ. ఆయన పక్కకి గీకారు. అక్కడా అదే.

"ఇదేం రంగు?" అని నన్ను అడిగారు. నేను తారాల్ గారిని అడిగాను.

"మీదే," అన్నాడాయన.

నాకప్పుడు అర్థమైంది. అయినా ఆయన చెప్పేదాకా ఆగాను.

"నలభై రెండులో మీవాళ్లు ఇందులో సామాను పెట్టుకున్నారు. పైనించి విమానాలకి కనపడకుండా ఈ రంగు పూశారు. వాళ్లు పోయాక మిగతా మూడు గోడలకీ చెక్క మార్చాం. దీనికి డబ్బు చాలలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా దానిమీదే తెల్లరంగు వేసుకుంటూ వస్తున్నాం."

"గీకలేదేం?" అని అడిగించారు మా అధ్యక్షులు.

"గీకడం మా పని కాదనుకున్నాను."

అంతా చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు. గోడ పొడుగునా బ్లేళ్లు ఆగిపోయాయి. క్లైన్‌జోర్గె గారు కోటు విప్పి, మడతలు పడకుండా మడిచి, రాయి మీద పెట్టారు.

"కాదు. ఆయన పని కాదు," అన్నారు. "చెక్క కనపడేదాకా గీకాలని అందరికీ చెప్పండి, హెడ్విగ్. వేళల పట్టీ రద్దు."

మూడింటికి వాన వచ్చింది. చూరు కింద వరసగా నిలబడి మీ అత్తగారు ఇచ్చిన అట్లు తిన్నాం, పైన గోధుమరంగు తియ్యటి చీజ్ ముక్కతో. నీహూస్ గారు ఆ చీజ్ కొరికి, నమిలి, "ఇది చీజా, మిఠాయా? ముందు ఏదో ఒకటి తేల్చుకోమను" అంది. నేను చెప్పాను. మీ అత్తగారు, "రెండూ. మాకు నిబంధనలు లేవుగా" అంది. ఇద్దరూ సాయంత్రం దాకా ఒకే నిచ్చెన మీద పనిచేశారు, చెరో భాషలో కొట్లాడుకుంటూ. ఇక నా అవసరం రాలేదు వాళ్లకి.

ఎనిమిదింటికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది. పచ్చరంగు ఎక్కడా లేదు. మొదటి చెయ్యి తెల్లరంగు వేశాం. కిటికీ చట్రాలు అధ్యక్షులవారు స్వయంగా వేశారు. తారాల్ గారు ముక్కు ఆనించి అంచులన్నీ చూశాడు. తప్పు దొరకలేదు. కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు.

తర్వాత ప్రసంగం. అవును, చదివారు. నేను వాక్యం వాక్యం చెబుతూ పోయాను. కష్టకాలం అన్న మాట దగ్గర ఆయన ఆగారు. కాగితం దించారు. "ఇక్కడ నేను రాసింది సరిపోదు," అన్నారు. కాగితం మళ్లీ ఎత్తి కలప పేజీలకి వెళ్లారు. తొమ్మిదో పేజీలో తారాల్ గారు నిద్రపోయాడు. నిద్రలోనే చప్పట్లు కొట్టాడు.

ఇంతవరకు ఆయన కాగితం ఏదీ ఇవ్వలేదు. నేను అడగలేదు. గోడకి బదులుగా అడిగినట్టు ఉంటుంది.

బస్సు వచ్చింది. నీ దుప్పటికి రంగు అంటింది, క్షమించు.

హెడ్విగ్


క్రిస్టియాన్‌సాన్, ఆసుపత్రి,
14 జూన్

హెడీ! హెడీ!

ఆడపిల్ల. మూడు కిలోల ఆరు వందలు. నిన్న పొద్దున. జుట్టు లేదు, గొంతు ఉంది. ఆ గొంతు నాది. నీ పక్కన కూచోబెట్టడానికి బాగా పనికొస్తుంది.

నీ ఉత్తరం చదివి నవ్వితే నర్సు వచ్చి, నొప్పులా అని అడిగింది. ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి. కాబట్టి నా కూతురు పుట్టడానికి కారణం మీ అధ్యక్షుడి ఏప్రను.

తారాల్ గారు పిల్లని చూడ్డానికి వచ్చాడు. మొగుళ్లకి తప్ప అనుమతి లేదంటే, నేను ఊరికి పెద్దని అన్నాడట. వదిలేశారు. కుర్చీలో కూచుని పిల్లని చూడకుండా ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"ఆ స్టేషన్ మాస్టరు కిటికీ అంచులు ఎంత తిన్నగా వేశాడంటే, ఇప్పుడు షెడ్డు మొత్తం వంకరగా కనిపిస్తోంది. మిగతా మూడు గోడలూ మళ్లీ వెయ్యాలి నేను."

"అయితే పిలవండి వాళ్లనే," అన్నాను.

గోడ మీద తగిలించిన నా జ్వరం పట్టీ తీసి, వెనకవైపు రాశాడు. కాగితం మీద! నా కళ్లతో చూశాను! ఇందులో పెడుతున్నాను. నా ఉష్ణోగ్రత మీ సంఘం దస్త్రాల్లో భద్రంగా ఉంచండి.

రో.


ఆల్టెన్‌వెర్డె,
12 అక్టోబరు

రోస్‌విటా,

పాప ఫొటో లైబ్రరీ బల్ల మీద పెట్టుకున్నాను. "నిశ్శబ్దం" బోర్డు కిందే. నోరు తెరిచి ఉంది.

నిన్న మహాసభ. ఇరవై ముగ్గురమూ వచ్చాం. ఎవరూ ఆలస్యంగా రాలేదు. క్లైన్‌జోర్గె గారు లేచి నిలబడి తారాల్ గారి కాగితం చదివారు. ముందు నిబంధనల ప్రకారం మొత్తం పత్రం చదవాలి కనక నీ ఉష్ణోగ్రతలు చదివారు, సోమవారం నుంచి గురువారం దాకా. తర్వాత వెనక్కి తిప్పారు.

"ఉత్తరపు గోడ వాళ్లది. ఏటా వచ్చి చూసుకోవాలి. తారాల్."

ఒకాయన లేచి, ఇందులో మిత్రులు అన్న మాట లేదని అభ్యంతరం చెప్పాడు.

"గోడ ఇచ్చాడయ్యా!" అని అరిచింది నీహూస్ గారు. "మీ సొంత అల్లుడు ఇన్నేళ్లలో మీకో మేకు ఇచ్చాడా?"

అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు.

అయినా ఫిబ్రవరిలో తీర్మానించాం కాబట్టి ఓటు పెట్టాల్సిందే. సంఘం మూసెయ్యాలన్నవారు చేతులెత్తండి అన్నారు అధ్యక్షులు. ఒక చెయ్యి లేచింది. ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఒకటి," అన్నారు, మెల్లగా. మూసెయ్యొద్దన్నవారు, ఇరవై రెండు. బల్లలు చరిచారు, ఒక గ్లాసు పగిలింది. జూన్‌లో వస్తున్నాం. ఈసారి ఇరవై ముగ్గురం. నీహూస్ గారు మీ అత్తగారికి చెప్పమంది: ఆ చీజ్ విషయంలో ఆవిడ ఇంకా ఒప్పుకోలేదట, తేల్చుకోవడానికే వస్తోందట.

చివర్లో నేను నాలుగు నిమిషాలు మాట్లాడాను. కాగితం లేకుండా. గోడ గురించి, చూరు కింద వాన గురించి. ఎవరూ దగ్గలేదు.

అసలు ఓటుకి ముందే మాట్లాడదామనుకున్నాను. పన్నెండేళ్లలో మొదటిసారి మాట్లాడటానికి అనుమతి కోరుతూ చెయ్యెత్తాను, సరిగ్గా అధ్యక్షులు లెక్కపెడుతున్న క్షణంలో. ఒకసారి లెక్కలో పడ్డ చేతిని దించడానికి వీల్లేదని పదిహేడో నిబంధన.

మూసెయ్యాలని పడిన ఆ ఒక్క ఓటు నాది.

హెడ్విగ్